పాతకాలపు కార్లలో కాలిన వైరింగు, మీటర్లు

పాతకాలపు కారులో వైరింగు కాలడం అంటే, వైరు మోయగలిగిన దానికంటే ఎక్కువ కరెంటు దానిలో పారి, పై తొడుగు కరిగి, రాగి పోగులు బయటపడి, పక్క వైర్లను కూడా పాడుచేయడం. చాలాసార్లు దీనికి తొలి గుర్తు డ్యాష్‌బోర్డు కింద నుంచి వచ్చే చేదు వాసన. దానికి ముందో వెనకో మీటర్లు తేడా చేస్తాయి. పెట్రోలు ముల్లు ఫుల్లు దాటి అక్కడే నిలబడుతుంది, లేదా టెంపరేచరు ముల్లు చల్లటి ఇంజన్ మీదే ఎర్రగీతకు చేరుతుంది. ఈ వ్యాసం ముఖ్యంగా 1950ల నుంచి 1970ల దాకా వచ్చిన బ్రిటిష్ కార్ల గురించి. బర్మింగ్‌హాంలోని లూకాస్ కంపెనీ ఎలక్ట్రికల్ సామాను, స్మిత్స్ కంపెనీ మీటర్లు వాడిన మారిస్, ఎంజీ, ట్రయంఫ్ వంటి కార్లవి. మారిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి పుట్టి, 1950ల చివర నుంచి 2014 దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్‌ది ఈ వంశమే. ట్రయంఫ్ హెరాల్డ్ నమూనా మీద మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌దీ అదే. 1961లో మద్రాసులో లూకాస్-టీవీఎస్ మొదలయ్యాక ఆ డైనమోలు, సెల్ఫు మోటార్లు మన మెకానిక్కులకు ఇంటి సామానంత పరిచయమయ్యాయి.

ఈ కార్ల యజమానులు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటి ఉంది. కాలిన వైరును చూసి, అది కాలింది కాబట్టి తప్పు దానిదేనని, దాన్ని మార్చి ఊరుకుంటారు. వైరు తనంతట తాను కాలదు. దానికి ఆ చివరనో ఈ చివరనో కారణం ఉంటుంది. ఆ కారణం దొరికేదాకా కొత్త వైరు వేసినా అదీ కాలుతుంది, రెండోసారి ఇంకాస్త పెద్ద మంటతో.

వేడి ఎక్కడ పుడుతుంది

కరెంటు రెట్టింపయితే వైరులో పుట్టే వేడి నాలుగింతలవుతుంది. పాత హెడ్‌లైటు బల్బు 45 వాట్లు. రెండిటికీ కలిపి 12 వోల్టుల మీద ఏడున్నర ఆంపియర్లు చాలు. వెలుతురు చాలడం లేదని 100 వాట్ల హాలోజన్ బల్బులు రెండు బిగిస్తే కరెంటు దాదాపు 17 ఆంపియర్లకు చేరుతుంది. అదే వైరు, అదే స్విచ్చి, కానీ వేడి సుమారు అయిదింతలు. నలభై ఏళ్లుగా పనిచేసిన లైటు స్విచ్చి ఒక్క రాత్రి ప్రయాణంలో కరిగిపోవడానికి ఇది చాలు. రిలే పెట్టి, బ్యాటరీ నుంచి బల్బులకు వేరే వైరు లాగితే ఈ బాధ ఉండదు.

వదులైన కాంటాక్టు చేసే హాని ఇంతకన్నా మోసకరం. ఒక నట్టు వదులై, అక్కడ ఓమ్‌లో పదో వంతు మాత్రమే అడ్డు ఏర్పడిందనుకుందాం. దానిగుండా 20 ఆంపియర్లు పారితే రెండు వోల్టులు అక్కడే పోతాయి, 40 వాట్ల వేడి పుడుతుంది. టంకం వేసే సోల్డరింగ్ ఐరన్ వేడి కూడా దాదాపు అంతే. డ్యాష్‌బోర్డు వెనుక, పాత గుడ్డ తొడుగుల మధ్య, ఎవరూ చూడని చోట ఒక సోల్డరింగ్ ఐరన్ వెలిగించి వదిలేసినట్టే లెక్క. ఇక్కడ ఫ్యూజు కాపాడదు. కరెంటు మామూలుగానే ఉంది కాబట్టి ఫ్యూజుకు ఏమీ తెలియదు.

రంగుల భాష

లూకాస్ రంగుల పద్ధతి తెలిస్తే సగం పని అయినట్టే. గోధుమ రంగు వైరు బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది, తాళం తీసినా దానిలో కరెంటు ఉంటుంది. తెల్లది తాళం తిప్పాక ప్రాణం పోసుకుంటుంది. ఆకుపచ్చది అదే కరెంటు, కాకపోతే ఫ్యూజు దాటి వచ్చింది. ఊదా రంగుది ఎప్పుడూ కరెంటుండే వైరు, అదీ ఫ్యూజు దాటి వచ్చినదే. నీలం హెడ్‌లైట్లకు, ఎరుపు పార్కింగ్ లైట్లకు, నలుపు ఎర్తుకు. మూల రంగు మీద సన్నటి చార ఉంటే అది ఏ పనిముట్టుకు వెళ్తుందో చెబుతుంది. ఆకుపచ్చ మీద నల్ల చార పెట్రోలు ట్యాంకులోని ఫ్లోటుకు, ఆకుపచ్చ మీద నీలి చార ఇంజన్ వేడిని పసిగట్టి మీటరుకు చెప్పే టెంపరేచరు సెండరుకు, గోధుమ మీద పసుపు చార డైనమోకు. తరతరాల రిపేర్లలో మన కార్లలో ఈ రంగులు చాలావరకు చెదిరిపోయాయి. దొరికిన వైరు వేసి పని ముగించడం అలవాటైంది. కాబట్టి రంగును సూచనగానే తీసుకుని, మల్టీమీటరుతో నిర్ధారించుకోవాలి.

పాత లూకాస్ ఫ్యూజు పెట్టెలో పనిచేసే ఫ్యూజులు రెండే. ఏ1-ఏ2 మధ్యది హారన్‌కు, లోపలి లైటుకు. ఏ3-ఏ4 మధ్యది వైపరు, ఇండికేటర్లు, బ్రేకు లైటు, మీటర్లకు. హెడ్‌లైట్లు, ఇగ్నిషన్ కాయిల్, చార్జింగ్ వైర్లు చాలా కార్లలో ఏ ఫ్యూజు కిందికీ రావు. నడిచే కారులో ఫ్యూజు పోయి చీకటి కమ్మకూడదు, ఇంజన్ ఆగకూడదు అన్నది ఆనాటి ఆలోచన. కానీ ఒక గోధుమ వైరు రేకుకు ఒరుసుకుంటే బ్యాటరీలో ఉన్న వందల ఆంపియర్లూ దానిగుండానే పారతాయి. కారు తగలబడడానికి నిమిషాలు చాలు. బ్యాటరీ దగ్గర కరెంటు మొత్తం తెంచే స్విచ్చి ఒకటి బిగించడం ఈ కార్లకు చేయగలిగిన అతి చవకైన మేలు.

ఫ్యూజు గురించి మరో మాట. లూకాస్ గాజు ఫ్యూజు మీద 35 ఆంపియర్లు అని ఉంటే అది పోయే అంకె. నిలకడగా అది మోసేది 17 మాత్రమే. ఈనాటి ఫ్యూజుల మీద రాసే అంకె నిలకడగా మోసేది. అంకె చూసి ఈనాటి 35 ఆంపియర్ల ఫ్యూజు పెడితే రక్షణ సగానికి సగం పోయినట్టే. రాగి పోగు చుట్టడం, సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం మడిచి పెట్టడం గురించి చెప్పనక్కర్లేదు. ఈ వ్యాసంలో వివరించే సగం నష్టాలకు మూలం అవే.

కాలిన గుర్తులను చదవడం

బ్యాటరీ తీయకముందు దేన్నీ ముట్టుకోకూడదు. ముందు ఎర్తు వైపు టెర్మినల్ విప్పాలి. స్పానరు పొరపాటున రేకుకు తగిలినా నిప్పురవ్వ రాకుండా ఉండడానికే ఈ వరస. 1960ల నడిమి దాకా బ్రిటిష్ కార్లలో చాలావరకు పాజిటివ్ ఎర్తు ఉండేది, ఎంజీబీలో 1967 దాకా ఉంది. అలాంటి కార్లలో ముందు విప్పాల్సింది పాజిటివ్ టెర్మినల్. ఈ సంగతి గమనించకుండా బ్యాటరీని తిరగేసి పెట్టినందువల్లే మాడిపోయిన రేడియోలు, ఆల్టర్నేటర్ డయోడ్లు ఎన్నో.

ఆ తర్వాత లైటు పట్టుకుని, కాలిన చోటును ఓపికగా చూడాలి. వైరు పొడవునా ఒకే రకంగా కరిగి, తొడుగు పొక్కులు లేచి, రాగి నుంచి వదిలి ఊగుతుంటే వేడి లోపలి నుంచి వచ్చిందని అర్థం. ఆ వైరు చివర ఎక్కడో షార్టు ఉంది. కనెక్టర్ దగ్గర రెండు అంగుళాలు మాత్రమే నల్లబడి, మిగతాది మెత్తగా బాగుంటే అక్కడ లూజ్ కాంటాక్టు ఉంది. ఒక పక్కే మాడి ఉంటే సైలెన్సర్ గొట్టానికో, ఇంజన్ మీద వేడి భాగానికో ఆనుకుని ఉండాలి. కట్ట మధ్యలోని వైర్లన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతే, వాటిలో కాలింది ఒక్కటే, మిగతావి దాని వేడికి కరిగినవి. ఆ ఒక్కదాన్ని గుర్తుపట్టాలి. దాని రాగి నల్లగా మారి, వేళ్ల మధ్య వంచితే పుల్లలా విరుగుతుంది. పక్క వైరు రాగి ఎర్రగా మెరుస్తూ వంగుతుంది.

బుల్లెట్ కనెక్టర్లను ప్రత్యేకంగా చూడాలి. నల్ల రబ్బరు తొడుగును గోటితో పక్కకు జరిపితే, లోపలి ఇత్తడి గొట్టం మీద పచ్చటి పొడి కనిపిస్తుంది. అది చెమ్మ చేసిన పని. లైట్లు మసకబారడం, ఇండికేటర్ తడబడడం ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి. కోస్తా ఊళ్లలో ఉప్పుగాలికి ఈ పొడి తొందరగా పడుతుంది.

బల్బుతో వెతకడం

షార్టును వెతకడానికి పాత ఆటో ఎలక్ట్రీషియన్ల పద్ధతిని మించినది నాకు కనిపించలేదు. ఇండికేటర్లో వాడే 21 వాట్ల బల్బు ఒకటి తీసుకుని, హోల్డరుకు రెండు వైర్లు అతికించాలి. బ్యాటరీ కేబులు విప్పి, టెర్మినల్‌కూ కేబులుకూ మధ్య ఈ బల్బును పెట్టాలి. ఇప్పుడు కారులోకి పోయే కరెంటంతా బల్బు దాటి పోవాల్సిందే. ఎంత గట్టి షార్టు ఉన్నా 1.75 ఆంపియర్లకు మించి పారదు. ఏ వైరూ వేడెక్కదు, పొగ రాదు. తీరుబడిగా వెతకవచ్చు.

అన్ని స్విచ్చులూ ఆపి, తలుపులు మూసి చూసినప్పుడు బల్బు ఆరి ఉంటే షార్టు లేనట్టు. మసగ్గా వెలిగితే డోరు లైటో, గడియారమో కరెంటు తీసుకుంటోంది. పూర్తి వెలుతురుతో వెలిగితే గోధుమ వైర్ల దారిలో ఎక్కడో రేకును తాకింది. అప్పుడు ఒక్కొక్క కనెక్షన్ విప్పుతూ పోవాలి. ముందు డైనమో కటౌటు, తర్వాత లైటు స్విచ్చి, తర్వాత ఇగ్నిషన్ స్విచ్చి, ఫ్యూజు పెట్టె. ఏది విప్పగానే బల్బు ఆరిపోతుందో షార్టు ఆ దారిలోనే ఉంది. ఆ తర్వాత ఆ దారి వైరును అక్కడక్కడ చేత్తో కదిలిస్తూ బల్బును చూడాలి. బల్బు ఒక్క క్షణం మినుకుమంటే చేయి ఉన్న చోటే తప్పు ఉంది. ఎక్కువగా అది ఇంజన్ గదికీ డ్యాష్‌బోర్డుకూ మధ్య రేకులో వైర్లు దాటే రంధ్రం దగ్గర ఉంటుంది. అక్కడి రబ్బరు గ్రోమెట్ ఎండి రాలిపోతే రేకు అంచు కత్తిలా వైరును కోస్తుంది. తాళం తిప్పి, ఒక్కొక్క స్విచ్చి వేస్తూ ఇదే పరీక్ష మళ్లీ చేయవచ్చు. కాయిల్, మీటర్లు కాస్త కరెంటు తీసుకుంటాయి కాబట్టి అప్పుడు మసక వెలుతురు మామూలే.

కటౌటును ముందు విప్పమనడానికి కారణం ఉంది. డైనమో ఉన్న కార్లలో, ఇంజన్ ఆగినప్పుడు బ్యాటరీ కరెంటు వెనక్కి డైనమోలోకి పోకుండా తెంచేది అదే. దాని పాయింట్లు అతుక్కుపోతే డైనమో మోటారులా తిరగాలని చూస్తుంది. ఫ్యాన్ బెల్టు ఇంజన్‌కు కట్టి ఉంది కాబట్టి తిరగలేదు. రాత్రంతా బ్యాటరీ దానిలోకి పారుతుంది. తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుంది, గోధుమ-పసుపు వైరు మాడిపోతుంది.

ఎర్తు తెగితే

కారులో ప్రతి కరెంటూ బ్యాటరీకి తిరిగి రావాలి, రేకే ఆ దారి. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది కాబట్టి, ఇంజన్‌ను బాడీకి కలిపే ఎర్తు పట్టీ ఒకటి విడిగా ఉంటుంది. ఇంజన్ దింపి ఎక్కించాక ఆ పట్టీ బిగించడం మరిచిపోతే, సెల్ఫు కొట్టగానే మోటారు తీసుకునే వందకు పైగా ఆంపియర్లు మరో దారి వెతుక్కుంటాయి. చోక్ కేబులు, యాక్సిలరేటర్ కేబులు, స్పీడోమీటర్ కేబులు, ఏది దొరికితే దాని మీదుగా పోతాయి. చోక్ కేబులు ఎర్రగా కాగి, పక్కనున్న వైర్ల కట్టను కరిగించిన కారులో వైర్లలో షార్టు కోసం ఎంత వెతికినా దొరకదు. అక్కడ ఉన్నదల్లా తెగిన పట్టీయే.

ఎర్తును కొలవడం తేలిక. హెడ్‌లైట్లు వేసి, మల్టీమీటరు ఒక కాలు బ్యాటరీ ఎర్తు టెర్మినల్ మీద, రెండోది లైటు దగ్గర నల్ల వైరు మీద పెట్టాలి. అర వోల్టు కన్నా ఎక్కువ చూపితే ఆ దారిలో తుప్పో, రంగో, వదులో ఉంది. మీటర్లకూ ఎర్తు ఇలాగే ముఖ్యం. ఇండికేటర్ వెలిగినప్పుడల్లా పెట్రోలు ముల్లూ టెంపరేచరు ముల్లూ కలిసి ఊగుతుంటే అవి రెండూ చెడిపోలేదు. డ్యాష్‌బోర్డు ఎర్తునో, ఆకుపచ్చ వైరు ఫ్యూజు పట్టునో శుభ్రం చేయాలి.

మీటర్లు

మీటరు తేడా చూపగానే కొత్తది కొనడం తొందరపాటు. స్మిత్స్ మీటర్లలో రెండు తరాలున్నాయి, వాటి లక్షణాలు ఒకదానికొకటి పూర్తిగా తలకిందులు. పాత తరం పెట్రోలు మీటరులో రెండు తీగచుట్ల మధ్య అయస్కాంత బలం ముల్లును తిప్పుతుంది. తాళం తిప్పగానే ముల్లు చటుక్కున లేస్తుంది, బండి కుదుపుకు ఊగుతుంది. దీనిలో ట్యాంకు వైరు తెగితే ముల్లు ఫుల్లు దాటిపోతుంది, రేకుకు తగిలితే ఖాళీ చూపుతుంది. 1960ల నడుమ వచ్చిన రెండో తరంలో ముల్లు వెనుక ఉన్నది వేడికి వంగే జంట లోహపు పట్టీ, దాని చుట్టూ సన్నటి వేడి తీగ. ముల్లు మెల్లగా, అరనిమిషం పాటు పైకి జరుగుతుంది. ఇందులో వైరు తెగితే ఖాళీ, రేకుకు తగిలితే ఫుల్లు. ఏ తరం మీటరో తెలుసుకోకుండా చేసే పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది.

రెండో తరం మీటర్లకు బ్యాటరీ కరెంటు నేరుగా రాదు. మధ్యలో అగ్గిపెట్టె కన్నా చిన్న రేకు డబ్బా ఒకటి ఉంటుంది, దాని పేరు వోల్టేజ్ స్టెబిలైజర్. దాని లోపల మరో జంట లోహపు పట్టీ వేడెక్కి వంగి కాంటాక్టు తెంచి, చల్లబడి మళ్లీ కలుపుతుంది. ఇలా కొట్టుకుంటూ సగటున 10 వోల్టులు అందిస్తుంది. డబ్బా రేకుకు ఎర్తు పోతే లోపలి తీగ వేడెక్కదు, కాంటాక్టు కలిసే ఉంటుంది, బ్యాటరీ వోల్టేజీ మొత్తం మీటర్లకు పారుతుంది. రెండు ముళ్లూ ఒకేసారి ఎక్కువ చూపుతాయి. కాంటాక్టు కాలిపోతే రెండూ ఒకేసారి పడుకుంటాయి. రెండు మీటర్లు కలిసి తప్పు చేస్తే స్టెబిలైజర్‌ను, ఒక్కటే తప్పు చేస్తే దాని సెండరునో వైరునో అనుమానించాలి. ఈ ఒక్క వివేకం ఉంటే ఎంతో డబ్బు మిగులుతుంది. డిజిటల్ మల్టీమీటరులో ఈ డబ్బా వోల్టేజీ 0కీ 12కీ మధ్య గెంతుతూ కనిపిస్తే కంగారుపడనక్కర్లేదు, దాని తీరే అది. ఈనాటి ఎలక్ట్రానిక్ స్టెబిలైజర్ వేస్తే మాత్రం కారుది పాజిటివ్ ఎర్తో నెగటివ్ ఎర్తో చూసుకుని కొనాలి. పాతదానికి ఆ పట్టింపు లేదు.

ట్యాంకు దగ్గరి వైరును రేకుకు తాకించి చూసే అలవాటు రెండో తరం మీటర్లకు ప్రమాదకరం. ఎక్కువసేపు తాకిస్తే లోపలి వేడి తీగే కాలిపోతుంది. దానికి బదులు సుమారు 68 ఓమ్‌ల రెసిస్టర్‌ను ఆ వైరుకూ ఎర్తుకూ మధ్య పెడితే ముల్లు దాదాపు సగం మీద నిలవాలి. నిలిచిందంటే మీటరు, స్టెబిలైజర్, వైరు మూడూ బాగున్నాయి, తప్పు ఫ్లోటుదే. ఫ్లోటు విప్పేటప్పుడు బ్యాటరీ కనెక్షన్ తీసి ఉండాలి. పెట్రోలు ఆవిరికి టెస్ట్ ల్యాంపు రవ్వ చాలు.

కొన్ని పాత కార్లలో టెంపరేచరు మీటరుకు వైరే ఉండదు. రేడియేటర్ వైపు నుంచి సన్నటి రాగి గొట్టం వస్తుంది, దానిలో ఈథర్ ఉంటుంది. గొట్టం విరిగితే ముల్లు లేవదు, దానికి ఎలక్ట్రీషియన్ చేసేదేమీ లేదు. కానీ ఆ గొట్టం, ఆయిల్ ప్రెషర్ గొట్టం రెండూ ఇంజన్ ద్వారా ఎర్తయిన లోహమే. డ్యాష్‌బోర్డు వెనుక అవి ఏ టెర్మినల్ మీదో వాలితే అక్కడికక్కడే షార్టు. మీటరు బయటికి లాగేముందు బ్యాటరీ తీయమనేది ఇందుకే.

అమ్మీటరు సంగతి వేరు. సెల్ఫు తప్ప మిగతా కరెంటంతా దానిగుండానే పోతుంది. దాని వెనుక రెండు నట్లలో ఒకటి వదులైతే పైన చెప్పిన సోల్డరింగ్ ఐరన్ సరిగ్గా అక్కడే వెలుగుతుంది. వెనక్కి తిప్పి చూస్తే ఫైబరు వాషరు గోధుమ రంగుకు మాడి, అంచులు పొడిగా రాలుతుంటాయి, నట్టు నీలి రంగు తిరిగి ఉంటుంది. అలాంటి అమ్మీటరును మళ్లీ బిగించి వాడకూడదు. అమెరికాలో 1960లు, 70ల క్రిస్లర్, డాడ్జ్, ప్లిమత్ కార్లదీ ఇదే కథ. వాటిలో చార్జింగ్ కరెంటంతా ఇంజన్ గది గోడలోని ప్లాస్టిక్ కనెక్టర్ దాటి అమ్మీటరుకు వచ్చి వెళ్లేది. ఆ కనెక్టర్ కరిగిన కార్లు లెక్కలేనన్ని. అక్కడి యజమానులు చాలామంది అమ్మీటరు తీసేసి వోల్టు మీటరు పెట్టుకుంటారు, అది సరైన పనే. బయటి దేశాల కార్ల మాట వచ్చింది కాబట్టి ఇంకో రెండు సంగతులు. జర్మన్ కార్లలో వైరు రంగుల కన్నా టెర్మినళ్ల అంకెలను నమ్మాలి. డిన్ 72552 ప్రకారం 30 బ్యాటరీ, 15 తాళం దాటినది, 31 ఎర్తు, 50 సెల్ఫు. 6 వోల్టుల కార్లలో అదే వెలుతురుకు కరెంటు రెట్టింపు కావాలి. అందుకే వాటి వైర్లు లావు, వాటిలో వదులు కాంటాక్టు మరింత ప్రమాదం.

బాగుచేయడం

కట్టలో ఒక వైరే కాలి, పక్కవి చెక్కుచెదరకపోతే ఆ ఒక్కదాన్ని మార్చవచ్చు. పక్కవాటి తొడుగు కూడా మెత్తబడితే కట్ట మొత్తం మార్చడమే మంచిది, ఖర్చు ఎంతయినా. వైరును పోగుల లెక్కతో కొంటారు. 0.30 మిల్లీమీటర్ల పోగులు 14 ఉన్న వైరు సుమారు 8.75 ఆంపియర్లు, 28 ఉన్నది 17.5, 44 ఉన్నది 27.5 మోస్తుంది. పాతదాని కన్నా సన్నటిది ఎప్పుడూ వేయకూడదు. రెండు కొసలు మెలేసి టేపు చుట్టే పద్ధతి మన దగ్గర బాగా పాతుకుపోయింది. ఎండకు టేపు జిగురు కారి, మెలిక వదులై, మళ్లీ మొదటికి వస్తుంది. లగ్గును సరైన పనిముట్టుతో నొక్కి బిగించి, స్లీవు ఎక్కించాలి. రేకు దాటే ప్రతి రంధ్రంలో కొత్త గ్రోమెట్ ఉండాలి. పాటల పెట్టె, ఎక్స్‌ట్రా లైట్లు, రెండో హారన్ పాత వైర్ల మీద తగిలించకుండా, బ్యాటరీ నుంచి విడిగా ఒక ఫ్యూజు పెట్టె పెట్టి దానికి కలపాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఈ పనులన్నీ చేతి మీద చేయగల పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గర పక్కన నిలబడి చూసినంత నేర్పు ఏ పుస్తకం వల్లా రాదు.

పని అయ్యాక బ్యాటరీని ఒకేసారి తగిలించకూడదు. ముందు అదే 21 వాట్ల బల్బు మధ్యలో పెట్టి, ఆరి ఉందని చూసుకోవాలి. తర్వాత బల్బు తీసి కేబులు బిగించి, సెల్ఫు కొట్టి, హెడ్‌లైట్లూ వైపరూ వేసి అరగంట ఇంజన్ నడపాలి. ఆపగానే ఎర్తు టెర్మినల్ విప్పి, ఫ్యూజు పెట్టె, లైటు స్విచ్చి వెనుక భాగం, అమ్మీటరు నట్లు, బుల్లెట్ కనెక్టర్లు వేలితో తాకి చూడాలి. గోరువెచ్చగా ఉంటే సరే. వేలు ఆనించలేనంత వేడిగా ఏది తగిలినా దాన్ని మళ్లీ విప్పాల్సిందే.